కత్తి, పిస్తోలు, నేల టికెట్టు

1956 నవంబర్ 1న జహీరాబాద్ తాలూకాకు జిల్లా మారింది. అప్పటిదాకా అది బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజన చట్టం నిర్ణా సర్కిల్‌ను మైసూరు వైపు వదిలి, మిగిలిన తాలూకాను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలూ, నారాయణఖేడ్ తాలూకా కూడా దాంతోపాటే వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. దస్త్రాలు ఒక కచేరీ నుంచి మరో కచేరీకి పోయినంత మాత్రాన బజారులో మాట మారదు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడే ఊరు జహీరాబాద్, అప్పుడూ ఇప్పుడూ.

సినిమా వ్యాపారం పాత పటాన్నే పట్టుకుని కూర్చుంది. డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో తెలుగు నేల నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఆంధ్ర అని మూడు ముక్కలు. నిజాం సంస్థానం పోయి డెబ్బై ఏళ్లు దాటినా తెలంగాణ వసూళ్లను ఇవాళ్టికీ ‘నైజాం’ పద్దు కిందే రాస్తారు. ఆ నైజాం ఏరియా పడమటి అంచున, బొంబాయి బాట మీద, హైదరాబాద్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఇలాంటి ఊరికి ఎలాంటి బొమ్మ పనికొస్తుంది? పద్యాలూ సమాసాలూ నిండిన సంభాషణలు సగం జనానికి ఎక్కవు. గుర్రం దౌడు తీస్తే, కత్తి దూస్తే, పిస్తోలు పేలితే, గుహలో దయ్యం విరగబడి నవ్వితే మాత్రం ఎవరికీ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1960లలో, 70లలో తక్కువ ఖర్చుతో తీసిన తెలుగు స్టంటు సినిమాలు, జానపదాలు సరిహద్దు ఊళ్లలో నిలబడటానికి మొదటి కారణం ఇదే.

ఈ ధారావాహికలో గత భాగం టూరింగ్ టాకీసు డేరా దగ్గర ఆగింది. ఈసారి ఆ డేరాల్లో, చిన్న ఊళ్ల రేకుల హాళ్లలో ఆడిన బొమ్మల సంగతి. విమర్శకులు వీటిని పేజీ చివర రెండు ముక్కలతో సరిపెట్టారు. తెలుగు సినిమా చరిత్ర పుస్తకాల్లోనూ వీటికి దక్కిన చోటు కొంచెమే. ఆ చిన్నచూపు అన్యాయం. తెలుగు తెర మీద ట్రిక్కులు, ఫైట్లు, ఔట్‌డోర్ షూటింగులు, చివరికి ఆడది నాయకుడి స్థానంలో నిలబడటం కూడా ముందు ఈ చవక సినిమాల్లోనే గట్టిగా సాధన అయ్యాయి.

ఇదే కాలంలో అమెరికాలోనూ ఇదే వ్యాపారం మరో తీరున సాగింది. 1933 జూన్ 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్‌డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ ఆరుబయట పెద్ద తెర కట్టి, జనం ఎవరి కార్లలో వాళ్లు కూర్చుని చూసే ఏర్పాటు చేశాడు. దాన్ని డ్రైవ్-ఇన్ అన్నారు. 1950ల చివరికి ఆ దేశంలో అలాంటివి 4,000 దాటాయి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పెద్దవాళ్లను హాలీవుడ్ పోగొట్టుకుంటున్న రోజులవి. కారు తాళాలు చేతికొచ్చిన కుర్రకారు మాత్రం రాత్రిళ్లు డ్రైవ్-ఇన్‌లకు ఎగబడేది. ఆ కుర్రకారు కోసమే 1954లో జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్ ఒక కంపెనీ పెట్టారు. అదే తర్వాత అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్‌గా పేరు మోసింది. వాళ్లకు పుంఖానుపుంఖాలుగా సినిమాలు తీసిపెట్టినవాడు రోజర్ కార్మన్.

కార్మన్ పొదుపు గురించి కథలు కథలుగా చెబుతారు. ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ (1960) చిత్రీకరణలో ముఖ్యభాగాన్ని రెండు రోజుల్లో చుట్టేశాడు. ‘ది రేవెన్’ కోసం వేసిన కోట సెట్టు కూల్చేలోగా అందులోనే ‘ది టెర్రర్’ (1963) మొదలుపెట్టేశాడు. పత్రికల్లో ఏ సంచలనం ఉంటే అది ఆయనకు కథ. మోటారు సైకిల్ ముఠాల గొడవ వచ్చింది, ‘ది వైల్డ్ ఏంజెల్స్’ (1966) వచ్చింది. హిప్పీలు, ఎల్‌ఎస్‌డి మత్తు వార్తల్లోకెక్కాయి, ‘ది ట్రిప్’ (1967) వచ్చింది. దానికి స్క్రిప్టు రాసింది అప్పటికి ఇంకా పేరు రాని నటుడు జాక్ నికల్సన్. రెండేళ్లు తిరక్కుండా ‘ది ట్రిప్’లో నటించిన పీటర్ ఫోండా, డెన్నిస్ హాపర్ కలిసి నాలుగు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ‘ఈజీ రైడర్’ (1969) తీసి కోట్లు వసూలు చేశారు. ఫ్రాన్సిస్ కొప్పోలా, మార్టిన్ స్కార్సేసీ లాంటి దిగ్గజాలు తొలిరోజుల్లో కార్మన్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలని ఈసడించుకున్న ఆ సరుకులోంచే మరుసటి తరం హాలీవుడ్ పుట్టుకొచ్చింది.

మన దేశంలో మొదటి డ్రైవ్-ఇన్ అహ్మదాబాద్‌లో 1973లో గానీ రాలేదు. తెలంగాణ పల్లెకు కారే లేనప్పుడు కారులో కూర్చుని చూసే సినిమా ఎక్కడిది? ఇక్కడ ఎడ్లబండి ఉంది. ‘లవకుశ’ (1963) ఆడిన రోజుల్లో పల్లెలకు పల్లెలే బండ్లు కట్టుకుని టాకీసుకు తరలి వెళ్లిన ముచ్చట్లు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కోతలై చేతిలో నాలుగు పైసలు ఆడే కాలంలో డేరా దిగేది. గోనెపట్టాలో, డేరాగుడ్డో చుట్టూ కట్టి, నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు చేసేవారు. పగటి వెలుగులో ఆడించే వీలు లేదు కాబట్టి చీకటి పడ్డాకే మొదటాట. ఒకటే ప్రొజెక్టర్ ఉన్నచోట రీలు అయిపోయిన ప్రతిసారీ ఆట ఆగేది, జనం ఈలలు వేసేవారు, ఆపరేటరు కొత్త రీలు ఎక్కించేవాడు. ఆర్క్ దీపంలో కార్బన్ కడ్డీ కాలిపోయి తెర మసకబారితే మళ్లీ ఈలలు.

పెద్ద హీరో కొత్త సినిమా ప్రింటు ఇలాంటి చోటికి వెంటనే రాదు. ముందు హైదరాబాద్, వరంగల్ లాంటి పెద్ద కేంద్రాలు, తర్వాత తాలూకా ఊళ్లు, ఆ తర్వాతే డేరా. అక్కడికి వచ్చేసరికి ప్రింటు నిండా గీతలు, మధ్యమధ్య తెగిపోయిన చోట్ల అతుకులు. డిస్ట్రిబ్యూటరు మనిషి రీళ్ల బాక్సుతో పాటే బస్సు దిగేవాడు, టికెట్ల లెక్క చూసుకుని వసూళ్లతో వెళ్లేవాడు. ఈ తోవలో బాగా డబ్బు చేసిన సరుకు స్టంటు సినిమా, జానపదం, దయ్యాల కథ. అవి పాతబడవు. మూడేళ్ల కిందటి కుటుంబ కథ కన్నా పదేళ్ల కిందటి కత్తియుద్ధం ఎక్కువ టికెట్లు తెంపుతుంది. అందుకే చిన్న నిర్మాతలు అటు మొగ్గారు. నైజాంలోనూ సీడెడ్‌లోనూ మళ్లీ మళ్లీ తిరిగే బొమ్మ ఒకటి చేతిలో ఉంటే, మద్రాసులో దాన్ని ఎవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా నిర్మాత నిద్రపోగలడు.

ఈ లెక్కను అందరికన్నా ముందు పసిగట్టినవాడు బి. విఠలాచార్య. అందుకు తగిన కారణమూ ఉంది. ఆయన సినిమా నేర్చుకున్నది స్టూడియోలో కాదు, టూరింగ్ టాకీసులో.

1920లో ఉడిపి ప్రాంతంలో పుట్టిన విఠలాచార్య చిన్నతనంలోనే ఇల్లు వదిలి అరసికెరె చేరాడు. అక్కడ చిన్నాచితకా పనులు చేసి, ఆపైన హోటల్ నడిపాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లొచ్చాడు. మిత్రులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు కొన్నాడు. రాత్రి తర్వాత రాత్రి అవే బొమ్మలు చూస్తూ, జనం ఎక్కడ కేకలు పెడుతున్నారో, ఎక్కడ బీడీ వెలిగించుకోవడానికి లేచి బయటికి పోతున్నారో గమనించాడు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటూ ఇంతకన్నా గట్టి చదువు చెప్పలేదు. తర్వాత డి. శంకర్‌సింగ్‌తో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ పెట్టి కన్నడంలో వరసగా సినిమాలు తీశాడు. వాటిలో ‘జగన్మోహిని’ (1951) కన్నడ సీమలో సంచలనం. 1950ల నడుమ తెలుగుకు వచ్చి, 1959లో ‘జయవిజయ’తో జానపదాల బాట పట్టాడు.

ఆ మీదట ఆయన చేతి నుంచి వచ్చిన పేర్లు వింటేనే ఒక తరానికి ఒళ్లు జలదరిస్తుంది: ‘కనకదుర్గ పూజామహిమ’, ‘మదనకామరాజు కథ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘జ్వాలాద్వీప రహస్యం’, ‘మంగమ్మ శపథం’, ‘పిడుగు రాముడు’, ‘చిక్కడు దొరకడు’, ‘గండికోట రహస్యం’, ‘ఆలీబాబా 40 దొంగలు’. ఎన్.టి. రామారావు లాంటి అగ్రనటుడు కూడా ఆయన దగ్గర పదికి పైగా సినిమాలు చేశాడు. ఖర్చు చేయి దాటదు, షెడ్యూలు తప్పదు, డబ్బు తిరిగొస్తుంది అన్న నమ్మకమే అందుకు మూలం. డేట్లు ఇచ్చి రాకుండా ఏడిపించిన నటుణ్ని విఠలాచార్య మాంత్రికుడి శాపంతో చిలుకగానో మేకగానో మార్చేసి, మిగతా కథ ఆ చిలుకతోనే లాగించేవాడని పరిశ్రమలో ఒక ముచ్చట ఉంది. అది ఎంతవరకు నిజమైనా, ఆయన కథల నిర్మాణం ఎలాంటిదో అందులో తెలిసిపోతుంది. మనిషి ఎప్పుడైనా జంతువు కాగల లోకంలో ఏ నటుడూ అత్యవసరం కాదు.

ఆయన ట్రిక్కుల్ని ఈనాటి కంప్యూటర్ గ్రాఫిక్స్ పక్కన పెట్టి నవ్వడం తేలిక. ఫిల్మునే రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేయడం, సగం ఫ్రేముకు నల్లగుడ్డ అడ్డం పెట్టడం, కెమెరాను ఆపి మనిషిని తప్పించి మళ్లీ తిప్పడం, సన్నతీగ మీద వేలాడదీయడం, వెనక్కి నడిచిన నటుణ్ని తిరగేసిన వరసలో చూపించడం వంటివే ఆనాటి సాధనాలు. ముడిఫిల్ము విదేశాల నుంచి రావాలి, దానికి కోటా ఉండేది, అడుగు వృథా అయితే డబ్బు వృథా. ఒక ట్రిక్ షాట్ చెడితే ల్యాబ్ నుంచి వచ్చాక గానీ తెలియదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య, తెర మీద పుర్రె మాట్లాడిందని పిల్లలు తల్లి ఒళ్లో ముఖం దాచుకున్నారంటే అది అచ్చంగా పనితనం.

ఆయన హీరోల్లో తెలంగాణవాళ్లు మరవకూడని పేరు కాంతారావుది. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923లో కోదాడ దగ్గర గుడిబండలో పుట్టాడు. నాటకాల మీద మోజుతో మద్రాసు చేరాడు. రామారావు, నాగేశ్వరరావు అందుబాటులో లేని చిన్న నిర్మాతకు కాంతారావే రాజకుమారుడు. కత్తి పట్టిన తీరుకు జనం ఆయన ఇంటిపేరే మార్చి ‘కత్తి కాంతారావు’ అన్నారు. సంపాదించిన డబ్బును మళ్లీ సినిమాల్లోనే పెట్టాడు: ‘సప్తస్వరాలు’, ‘గండరగండడు’, ‘ప్రేమజీవులు’, ‘గుండెలు తీసిన మొనగాడు’. వాటితో ఆస్తి కరిగిపోయింది. 2009లో కన్నుమూసేనాటికి, వేల గ్రామాల్లో రాజకుమారుడిగా వెలిగిన ఆ మనిషి చేతిలో చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. చవక సినిమా ఎందరినో బతికించింది. దాన్ని నమ్మి సొంత డబ్బు పెట్టినవాళ్లలో కొందరిని ముంచింది కూడా.

ఇదే తరహా జనం కోసం కత్తి పక్కకు తప్పుకుని పిస్తోలు వచ్చిన సంవత్సరం 1966. డూండీ నిర్మించి, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వం వహించిన ‘గూఢచారి 116’లో హీరో, అప్పటికి రెండే సినిమాలు చేసిన కృష్ణ. ‘తేనె మనసులు’ కుర్రాడు ఒక్కసారిగా ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యాడు. మరుసటి ఏడాది అదే కథ హిందీలో జితేంద్రతో ‘ఫర్జ్’గా వచ్చి అక్కడా దుమ్ము రేపింది. దాని దర్శకుడు రవికాంత్ నగాయిచ్, రామారావు ‘సీతారామ కళ్యాణం’ (1961)కు కెమెరా పట్టి ట్రిక్ ఫోటోగ్రఫీలో పేరు తెచ్చుకున్నవాడు. హిందీ నుంచి తెలుగుకు కథలు దిగుమతి చేసుకోవడమే వాడుకగా ఉన్న రోజుల్లో ఒక తెలుగు స్టంటు సినిమా ఎదురుదారిన వెళ్లింది. అప్పటి నుంచి కృష్ణ వేగానికి అంతే లేదు. 1972 ఒక్క సంవత్సరంలో ఆయన సినిమాలు 18 విడుదలయ్యాయి.

ఆ వేగానికి తగిన దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. నెల్లూరు జిల్లా వెంకటగిరి మనిషి. 1966లో ‘లోగుట్టు పెరుమాళ్లకెరుక’తో మొదలుపెట్టి, 1969లో కృష్ణ, విజయనిర్మలలతో ‘టక్కరి దొంగ చక్కని చుక్క’ తీశాడు. దాస్ సినిమాల్లో కథ కన్నా కోత (ఎడిటింగ్) ముఖ్యం. దెబ్బకు దెబ్బ, షాటుకు షాటు. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. నేల మీద కూర్చున్నవాడు విసుగుతో పక్కవాడితో మాట్లాడటం మొదలుపెడితే సినిమా ఓడినట్టే అన్న లెక్కతో ఆయన పనిచేశాడని ఆ సినిమాలు చూస్తే అర్థమవుతుంది.

1970లో దాస్ ‘రౌడీరాణి’ తీశాడు. ఇందులో హీరో లేడు. పగబట్టి, ప్యాంటు వేసుకుని, తుపాకీ పట్టి, తన్నులాటకు దిగిన విజయలలితే బొమ్మకంతటికీ ఆధారం. అంతవరకు ఆమెకు దక్కినవి ఎక్కువగా క్లబ్ డాన్సులు, రెండో నాయిక పాత్రలు. బొమ్మ ఆడింది. 1972లో దాసే దీన్ని హిందీలో ‘రాణీ మేరా నామ్’గా తీశాడు. అదే ఏడు జ్యోతిలక్ష్మితో ‘పిస్తోల్‌వాలీ’ వచ్చింది. లేడీ స్టంట్ అన్న వరస ఒకటి దక్షిణాది నుంచి ఉత్తరాది చిన్న ఊళ్ల దాకా పాకింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ సినిమాలు ఆడవాళ్ల ఒంటిని అమ్ముకున్నాయి. పోస్టరు మీద పిస్తోలు ఎంత పెద్దగా ఉండేదో తొడలూ అంత పెద్దగా ఉండేవి. ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాట లేకుండా ప్రింటు కొనేవాడు లేడు. జ్యోతిలక్ష్మి, జయమాలిని అక్కాచెల్లెళ్ల పేర్లు చెప్పి టికెట్లు అమ్మిన వ్యాపారం, వాళ్లు నటులని ఒప్పుకోవడానికి చివరిదాకా మొండికేసింది. ఆ మచ్చ తుడిచేస్తే చరిత్ర అబద్ధమవుతుంది. కానీ అదే తెర మీద, కష్టమొస్తే ఏడ్చి దేవుణ్ని వేడుకునే నాయిక రాజ్యమేలుతున్న రోజుల్లో, ఒక ఆడది నలుగురు మగవాళ్లను కింద పడేసి జుట్టు సర్దుకుంది. నేల తరగతిలో ఆడవాళ్ల వైపు కూర్చుని చూసిన కూలితల్లులకు అది కొత్త దృశ్యం. విజయలలిత అక్క కూతురు సినిమాల్లోకి వచ్చినప్పుడు పిన్ని పేరులోని ‘విజయ’ను తన పేరుకు తగిలించుకుంది. ఆ విజయశాంతి 1990లో ‘కర్తవ్యం’లో పోలీసు అధికారిగా నటించి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. రౌడీరాణికి రాని మర్యాద ఇరవై ఏళ్ల తర్వాత ఆమెకు వచ్చింది. బాట వేసింది మాత్రం రౌడీరాణే.

దాసే తీయగా 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ ఈ కథలో పతాక ఘట్టం. కృష్ణ సొంత సంస్థ పద్మాలయా వారి మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ నిరాశపరిచింది. రెండో ప్రయత్నంగా ఎంచుకున్నది కౌబాయ్ కథ. ‘మెకన్నాస్ గోల్డ్’, సెర్జియో లియోన్ సినిమాలు మద్రాసు హాళ్లలో కుర్రకారును వెర్రెక్కిస్తున్న కాలమది. లియోన్ కూడా సొంత సరుకు అమ్మలేదు. అకిరా కురొసావా ‘యోజింబో’ (1961)ను ఎత్తుకుని స్పెయిన్ ఎడారిలో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) తీశాడు, ఆనక జపాన్ కంపెనీకి వసూళ్లలో వాటా ఇచ్చుకున్నాడు. జపాన్ సమురాయ్ ఇటలీవాడి చేతిలో అమెరికా కౌబాయ్ అయి, రాజస్థాన్ ఎడారిలో బుర్రిపాలెం బుల్లోడు కృష్ణగా గుర్రమెక్కాడు.

స్క్రిప్టు రాసింది ఆరుద్ర! ‘త్వమేవాహం’ కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలకు కర్త. ఆయన కౌబాయ్ కథను తెచ్చి బ్రిటిషువాళ్ల కాలపు తెలుగు సంస్థానాల నిధి కథకు ముడివేశాడు. టోపీ, బూట్లు, గుర్రం పరదేశానివే గానీ, దాచిన నిధి, దానికి కాపలా, నమ్మకద్రోహం మన కాశీమజిలీ కథల నాటి సరంజామా. ఈ కలయికే జనానికి పట్టింది. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా ఇసుక తిన్నెలను ఈస్ట్‌మన్‌కలర్‌లో పట్టింది. తెలుగు ప్రేక్షకుడు తన భాష మాట్లాడే మనుషుల వెనక అంత ఖాళీ ఆకాశాన్ని చూడటం అదే మొదలు. ‘షోలే’ ఇంకా నాలుగేళ్లకు గానీ రాలేదు. తమిళంలోకి, హిందీలోకి, ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి కూడా ఈ సినిమాను డబ్ చేశారు.

ఈ డబ్బు, ఈ ధైర్యం ఎటు వెళ్లాయో చూడాలి. 1974లో పద్మాలయా వారే ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రమది. దర్శకుడు వి. రామచంద్రరావు నడుమనే కన్నుమూస్తే కృష్ణ మిగిలిన భాగం పూర్తిచేశాడు. పోరాట దృశ్యాలను తీసిపెట్టింది కె.ఎస్.ఆర్. దాస్. కెమెరా మళ్లీ వి.ఎస్.ఆర్. స్వామిది. తెలుగువాళ్లు తలెత్తుకుని చెప్పుకునే ఆ సినిమాలోని యుద్ధాలు, కౌబాయ్ బొమ్మల్లో చేయి తిరిగినవాళ్లు తీసినవి. కౌబాయ్ నాయిక విజయనిర్మల 1973లో ‘మీనా’తో తెలుగులో దర్శకురాలై, 40కి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కొప్పోలా, స్కార్సేసీల కథ హాలీవుడ్‌కు మాత్రమే సొంతం కాదు.

ఒక తేడా మాత్రం ఉంది, దాన్ని దాటి పోలేం. అమెరికా డ్రైవ్-ఇన్ సినిమా వియత్నాం యుద్ధాన్ని, నల్లవాళ్ల పోరాటాన్ని, హిప్పీల తిరుగుబాటును ఎంత వంకరగానైనా తెర మీదికి తెచ్చింది. తెలుగునాట అదే కాలం ఎలాంటిది? 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేత ఆవిష్కరింపజేశారు. గిరిజన పోరాటంతో శ్రీకాకుళం రగిలింది. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ భగ్గుమంది. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. ఈ మంటల్లో ఒక్క రవ్వ కూడా ఆనాటి స్టంటు సినిమాల్లో నేరుగా కనబడదు. ‘ఈజీ రైడర్’లో తిరుగుబాటుదారులు చివర తుపాకీకి బలవుతారు. మన జానపదంలో బందిపోటు చివర తప్పిపోయిన రాజకుమారుడని తేలుతుంది. మన క్రైమ్ సినిమాలో దొంగ చివర సీఐడీ ఆఫీసరని తేలుతుంది. లేచిన కోపాన్ని సింహాసనం మీదో పోలీసు కొలువులోనో కూర్చోబెట్టి ఇంటికి పంపేవారు.

అయినా రిక్షా తొక్కే పాండు లాంటివాళ్లను కవులు వేదికెక్కించిన ఆ రోజుల్లోనే, అలాంటివాళ్లే లక్షలుగా నేల టికెట్టు కొని ఈ బొమ్మలు చూశారు. చివరి మలుపు వచ్చేదాకానైనా, దొర గడ్డం పట్టుకుని నిలదీసేవాడు వాళ్ల హీరో. సంస్థానాలూ జాగీర్లూ నిన్నమొన్నటిదాకా చూసిన నేల మీద ఆ దృశ్యం ఎంత బలంగా తాకిందో ఆనాటి ఈలలకు తెలుసు. పై తరగతి విమర్శ ఆ ఈలలను వినడానికి నిరాకరించింది.

ఎమర్జెన్సీ వచ్చాక సెన్సారు హింస మీద కత్తెర బిగించింది. ‘షోలే’ ముగింపే మార్చాల్సి వచ్చిందంటే చిన్న నిర్మాత గతి చెప్పక్కర్లేదు. ఆ గడ్డుకాలం గడిచిన వెంటనే, 1978లో, విఠలాచార్య తన పాత కన్నడ సంస్థ కథను బయటికి తీసి నరసింహరాజు, ప్రభ, జయమాలినిలతో తెలుగులో ‘జగన్మోహిని’ తీశాడు. పెద్ద తారలు లేరు. దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేసే దృశ్యం ఉంది. అది చాలింది. చూసినవాళ్లు ఎవరూ దాన్ని మర్చిపోలేదు. తమిళంలోనూ బ్రహ్మరథం పట్టారు, 2009లో అక్కడ మళ్లీ తీశారు కూడా.

ఆ తర్వాత దారి దిగుడే. 1980లలో టీవీ ఇళ్లలోకి వచ్చింది, వీడియో క్యాసెట్లు వచ్చాయి, డేరాలు మడతపెట్టేశారు. క్లబ్ డాన్సూ ఫైటూ పెద్ద హీరో సినిమాలోకే చేరిపోయాక చిన్న సినిమాకంటూ వేరే అంగడి మిగల్లేదు. 1992లో ‘కరుణించిన కనకదుర్గ’ తీసిన విఠలాచార్య 1999లో, కె.ఎస్.ఆర్. దాస్ 2012లో, కృష్ణ 2022లో వెళ్లిపోయారు. 2023 మే 31న, కృష్ణ జయంతి రోజున, ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కెలో శుభ్రం చేసి మళ్లీ హాళ్లలో వేశారు. ఆ భాగ్యం పట్టింది ఆ ఒక్క సినిమాకే అనుకోవాలి. మిగతా వాటిలో చాలా బొమ్మలు యూట్యూబ్‌లో రంగు వెలిసి, అంచులు తెగి, ఎవరో వేసిన ముద్రల కింద నలుగుతున్నాయి. వెండి కోసం కరిగించిన నలుపు తెలుపు నెగటివ్‌లు ఎన్నో.

పుణెలో 1964లో నెలకొల్పిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ప్రింట్లే కాదు, పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఫోటోలు కూడా భద్రపరుస్తుంది. జహీరాబాద్, నారాయణఖేడ్, జోగిపేట, సదాశివపేట వైపు టాకీసులు నడిపినవాళ్లు, ఆపరేటర్లు, రీళ్ల బాక్సులు మోసినవాళ్లు, గోడల మీద వాల్‌పోస్టర్లు అంటించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల ఇళ్ల అటకల మీద కరపత్రాలు, టికెట్టు పుస్తకాలు, రోజువారీ వసూళ్ల లెక్క రాసిన డీసీఆర్ కాగితాలు ఉండి ఉంటాయి. పాత ఇల్లు కూల్చేటప్పుడు వాటిని చిత్తుకాగితాల కింద అమ్మకండి. ల్యామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. పెన్సిల్‌తో వెనక వైపు ఊరు, టాకీసు పేరు, తెలిస్తే సంవత్సరం రాసి, పొడి చోట చదునుగా పెట్టండి. పెద్దాయన చెప్పే ముచ్చట్లను ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. ఏ బొమ్మ ఎన్ని రోజులాడింది, నేల టికెట్టు ఎంత, రెండో ఆట వదిలాక జనం ఏ బాటన ఇళ్లకు పోయారు అన్నవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

వచ్చే భాగం: జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా చేతబట్టి, 2003లో వరంగల్ బీటీ పత్తి రైతుల మీద సినిమా తీసిన చరిత్ర.